వందలో ఏడుగురట, అందులో మా అత్తయ్య ఉన్నట్టా లేనట్టా?

ప్రశ్న: మాది విద్యానగర్. మా అత్తయ్యగారికి 73 ఏళ్లు. మామయ్యగారు పోయి నాలుగేళ్లయింది. ఏడాదిగా ఆమెలో మార్పు చూస్తున్నాను. అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. పదిమందికి ఒంటి చేత్తో వండి పెట్టిన మనిషి, పులుసులో రెండుసార్లు ఉప్పు వేస్తున్నారు. పింఛను పుస్తకం ఎక్కడో దాచి, పనమ్మాయి తీసిందన్నారు. ఆ అమ్మాయి ఏడ్చి పని మానేసింది. పోయిన నెల నల్లకుంట కూరగాయల మార్కెట్‌కు వెళ్లి రెండు గంటలకు గానీ ఇల్లు చేరలేదు. మావారు "పెద్దతనం, చాదస్తం, మా నాయనమ్మా ఇంతే" అంటారు. అమెరికాలో ఉన్న మా మరిది "ఇండియాలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు 7.4 శాతమే వదినా, 92 శాతం మందికి లేదు, మీరు ఊరికే టెన్షన్ పడకండి" అన్నాడు. పక్కింటి ఆంటీ అది తెల్లవాళ్ల జబ్బు అంటారు. నిజంగా అంతమందికి ఉంటే మా వీధిలో ఒక్కరూ ఎందుకు కనబడరు? నేనే అతిగా ఆలోచిస్తున్నానా?
ఒక కోడలు, హైదరాబాద్

సమాధానం:

అతిగా ఆలోచించడం లేదమ్మా. ఉప్పు సంగతి చదివినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఎవరైనా మరిచిపోతారు. మార్కెట్ సంగతి దగ్గర మాత్రం ఆగిపోయాను. ఏళ్ల తరబడి నడిచిన దారి, ఇంటికి అంత దగ్గర, రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆమె ఎక్కడ తిరిగారో, ఎవరిని దారి అడిగారో, ఎంత భయపడ్డారో మనకు తెలియదు. ఆమె చెప్పలేదు కూడా. ఆ ఒక్కదాని కోసమైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

నేను డాక్టర్‌ని కాను. చిక్కడపల్లిలో మా అమ్మను ఏడేళ్లు ఇదే జబ్బుతో చూసుకున్న కూతుర్ని. అందుకే మీ అత్తయ్యగారికి ఇది ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను. కానీ మీ మరిది చెప్పిన లెక్క గురించి చెప్పగలను. మా అమ్మ విషయంలో మేమూ అలాంటి లెక్కల వెనకే దాక్కున్నాం.

ముందుగా, అతను చెప్పిన అంకె సరైనదే. మన దేశంలో వృద్ధుల ఆరోగ్యం మీద లాసీ అనే పెద్ద సర్వే నడుస్తోంది. అందులో భాగంగా డిమెన్షియా కోసమే ప్రత్యేకంగా, 60 దాటినవాళ్లు నాలుగు వేల మందికి పైగా ఎంపిక చేసి, జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట పరీక్షించారు. ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి అడిగారు. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. 60 దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దేశం మొత్తం మీద దాదాపు 88 లక్షల మంది. 2036 నాటికి ఇది 1.69 కోట్లు కావచ్చని ఆ పరిశోధకుల అంచనా. అంతకు ముందు 2010 నివేదికలో 37 లక్షలు అని ఉండేది. పదమూడేళ్లలో జబ్బు రెండింతలకు మించి పెరిగిపోయిందని దీన్ని చదవకూడదు. వయసైనవాళ్లు పెరిగారు, అది నిజమే. దాంతోపాటు లెక్కపెట్టే పద్ధతి కూడా బాగుపడింది. ముందు కనబడనివాళ్లు ఇప్పుడు కనబడ్డారు.

ఇక అతను పొరబడింది ఎక్కడంటే, ఆ 7.4 శాతం ఎవరిలో? 60 దాటిన అందరిలో. ఇందిరా పార్కులో రోజూ పొద్దున నాలుగు రౌండ్లు నడిచే 62 ఏళ్ల ఆయనా అందులో ఉన్నాడు. బస్సెక్కి ఒక్కతే సికింద్రాబాద్ వెళ్లి వచ్చే 65 ఏళ్ల ఆవిడా ఉంది. ఏ ఇబ్బందీ లేని ఇలాంటి వాళ్లందరితో కలిపి తీసిన సగటు అది. మీ అత్తయ్యగారు దారి తప్పారు, వస్తువులు దాచి దొంగతనం అనుకుంటున్నారు. ఏడాదిలో వాన పడే రోజులు తక్కువే. అలాగని మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాక, డాబా మీద ఆరేసిన బట్టలు తీయకుండా కూర్చుంటామా? దేశం లెక్క దేశానికి పనికొస్తుంది. ఎన్ని ఆసుపత్రులు కావాలి, ఎంతమంది నర్సులకు శిక్షణ ఇవ్వాలి, ఎంత డబ్బు కేటాయించాలి అన్నది దాన్నిబట్టి తేల్చాలి. ఇంట్లో ఒక మనిషి సంగతి తేల్చడానికి అది పనికిరాదు.

ఆ సగటు లోపల చూస్తే ఇంకా తేడాలు తెలుస్తాయి. ఆడవాళ్లలో 9 శాతం దాకా ఉంటే మగవాళ్లలో 6 శాతం లోపే. పల్లెల్లో 8 శాతానికి పైన, పట్టణాల్లో 5 శాతం చిల్లర. ఆడవాళ్లలో ఎందుకు ఎక్కువ అంటే, ఎక్కువ కాలం బతకడం ఒక కారణమైతే, ఆ తరం ఆడపిల్లల్ని బడికి పంపకపోవడం మరో పెద్ద కారణం. చిన్నప్పుడు చదువు లేకపోవడం ముసలితనంలో మెదడును బలహీనంగా వదిలేస్తుంది. నాలుగో తరగతిలో మా అమ్మను బడి మాన్పించారు. తమ్ముళ్లిద్దరూ డిగ్రీ దాకా చదివారు. ఈ అంకెలు చదివిన రోజు నాకు ఆ సంగతి గుర్తొచ్చి చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

వయసు సంగతి అన్నిటికంటే ముఖ్యం. 65 దాటాక దాదాపు ప్రతి ఐదేళ్లకూ ఈ జబ్బు వచ్చే అవకాశం రెట్టింపు అవుతూ పోతుందని ప్రపంచమంతటా చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి 61 ఏళ్లావిడకీ 73 ఏళ్లావిడకీ 86 ఏళ్లావిడకీ ఒకటే శాతం వర్తించదు.

పక్కింటి ఆంటీ మాట గురించి. 1906లో ఆలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టర్ మొదట వివరించిన రోగి జర్మనీ ఆవిడే కాబట్టి అల్జీమర్స్ అన్న పేరు అక్కడిది. జబ్బు మాత్రం అన్నిచోట్లా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది. వాళ్లలో 60 శాతం పైన మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. అన్నట్టు, డిమెన్షియా, అల్జీమర్స్ ఒకటి కాదు. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, మాట, పని చేసుకునే తీరు దెబ్బతిన్న స్థితి. దానికి కారణమయ్యే జబ్బుల్లో అల్జీమర్స్ ముఖ్యమైనది, నూటికి 60 నుంచి 70 మందిలో అదే. మెదడులో రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది మరో రకం. మన బీపీలు, షుగర్లు దానికి దారి తీస్తాయి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న, నాకు ఎంతో విలువైనదిగా తోచిన ప్రశ్న. ఇంతమంది ఉంటే కనబడరేం?

లెక్క వేసి చూద్దాం. మీ వీధిలో అపార్ట్‌మెంట్లూ ఇళ్లూ కలిపి 60 దాటినవాళ్లు వంద మంది ఉన్నారనుకోండి. పట్టణాల శాతం పట్టుకున్నా ఐదుగురు ఉండాలి. మీకు ఒక్కరూ తెలియదు. నేను చెబుతాను, వాళ్లు ఉన్నారు. రెండో అంతస్తులో బయట గడియ పెట్టి ఉన్న గదిలో ఒకరున్నారు. "అమ్మకు ఒంట్లో బాగోలేదు, అందుకే తీసుకురాలేదు" అని మూడు పెళ్లిళ్లలో చెప్పిన ఇంట్లో ఒకరున్నారు. పగలంతా నిద్రపోయి రాత్రిళ్లు తలుపు తీసుకుని బయటికి వెళ్లబోయే తాతగారు ఒకరు. వాచ్‌మన్‌కు తెలుసు, పాలబ్బాయికి తెలుసు, మీకు తెలియదు.

దాచడానికి మనకు కారణాలు చాలా. పిల్లకు సంబంధం చూస్తుంటే "వాళ్లింట్లో మతి తప్పినవాళ్లున్నారట" అనే మాట వస్తుందని భయం. మన ఊళ్లో "ఎర్రగడ్డకు తీసుకెళ్లాలి" అనే మాటను తిట్టుగా వాడే అలవాటు ఇంకా పోలేదు. అక్కడున్నది మనుషులకు నయం చేసే మానసిక ఆసుపత్రి. ఆ మాట వినలేకే ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లు ఏ డాక్టరూ చూడకుండా పోతున్నారు.

ఇంకో కారణం ఉంది, అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు, ప్రేమే ఉంది. మనం పెద్దవాళ్ల చేతిలోంచి పనులు మెల్లగా తీసేసుకుంటాం. "మీరెందుకత్తయ్యా, నేను చేస్తాగా" అంటాం. బ్యాంకుకు కొడుకు వెళ్తాడు. కరెంటు బిల్లు మనవడు ఫోన్లో కడతాడు. మందులు కోడలు చేతిలో పెడుతుంది. డిమెన్షియా అని చెప్పాలంటే మతిమరుపు ఒక్కటే చాలదు, అది రోజువారీ పనికి అడ్డం పడుతూ ఉండాలి. పనే లేని మనిషికి పని తప్పడం ఎలా తెలుస్తుంది? మా అమ్మ చీటీల లెక్కలు నోటితో చెప్పేది. చీటీ ఆపేశాక లెక్క తప్పుతోందని తెలుసుకునే అవకాశమే మాకు పోయింది. రెండేళ్లు చాదస్తం అనుకున్నాం. మొదట చూపించిన డాక్టర్ కూడా ఐదు నిమిషాల్లో "వయసు కదమ్మా" అని విటమిన్ బిళ్లలు రాసి పంపేశారు. ఆ మాట మాకు అప్పుడు ఎంత హాయిగా అనిపించిందో! మీవారికి ఇప్పుడు "చాదస్తం" అన్న మాట అంత హాయినిస్తోంది. కన్నతల్లి గురించి కదా, ఆయన మీద కోపం తెచ్చుకోకండి.

మీవారి నాయనమ్మకు ఏముండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఆవిడా ఇంతే అన్నంత మాత్రాన ఇది జబ్బు కాకుండా పోదు. ఆవిడకూ ఇదే ఉండి, పేరు పెట్టేవాళ్లు లేకపోయి ఉండొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లమని నేను గట్టిగా చెప్పేది భయపెట్టడానికి కాదు. మీరు చెప్పిన లక్షణాలు కొన్ని నయమయ్యే కారణాల వల్ల కూడా వస్తాయి. బీ12 తగ్గితే మతిమరుపు వస్తుంది. శాకాహారుల్లో ఇది ఎక్కువ. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలోనూ బీ12 పడిపోతుంది. థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా, రక్తంలో సోడియం తగ్గినా ఇలాగే ఉంటుంది. కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మందులు ముసలివాళ్లలో మెదడును మందగింపజేస్తాయి. మామయ్యగారు పోయి నాలుగేళ్లు అన్నారు. పెద్దవాళ్లలో దిగులు ఏడుపుగా కాక మతిమరుపుగా బయటపడటం మామూలే. చెవులు సరిగా వినబడకపోయినా అడిగిందే అడుగుతారు. ఎప్పుడైనా జారిపడి తలకు దెబ్బ తగిలిందేమో కూడా గుర్తు చేసుకోండి. మెదడు చుట్టూ రక్తం మెల్లగా చేరి ఇలా కావచ్చు, స్కాన్‌లో తెలుస్తుంది. ఇవన్నీ చూసి, కాదని తేలాకే డిమెన్షియా అంటారు.

ఒక హెచ్చరిక మాత్రం. ఈ మార్పు ఏడాదిగా మెల్లగా వచ్చింది అన్నారు. రేపెప్పుడైనా ఒకటి రెండు రోజుల్లోనే ఆమె ఒక్కసారిగా తికమకపడిపోయి, మనుషుల్ని పోల్చలేక, మగతగా ఉంటే, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటిది కూడా పెద్దవాళ్లను అలా చేస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి? ముందు మీ ఇంటి డాక్టర్ దగ్గర రక్తపరీక్షలు చేయించి, ఆ కాగితాలతో న్యూరాలజిస్టును గానీ సైకియాట్రిస్టును గానీ కలవండి. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. డిమెన్షియా మీద ప్రపంచం తిరిగి చూసిన ఒక అధ్యయనం అక్కడే జరిగింది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మెట్లు ఎక్కనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బయట ఉర్దూ, ఆఫీసులో హిందీ, ఇంగ్లిష్ మాట్లాడే ఈ ఊరు కాబట్టే అలాంటి అధ్యయనం కుదిరింది. మీ అత్తయ్యగారు కూరగాయల బండి దగ్గర ఉర్దూలో బేరమాడే మనిషైతే, ఆ మాటలు మాన్పించకండి. జబ్బు రాకుండా అది ఆపుతుందని కాదు. మనుషులతో మాట కలపడం మెదడుకు మంచిది, అంతకంటే ముఖ్యంగా అది ఆమెకు ఇష్టం. మార్కెట్‌కు వెళ్లడమూ ఆపొద్దు. మీరో మీ పిల్లలో పక్కన నడవండి. చేతిసంచిలో ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.

ఒకవేళ డిమెన్షియా అనే తేలితే, దాన్ని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. డోనెపెజిల్, మెమాంటిన్ వంటి మందులు కొందరిలో కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచుతాయి. "మందు లేనప్పుడు తెలుసుకుని ఏం లాభం?" అని మీవారు అడగొచ్చు. లాభం ఉంది. బీపీ, షుగర్ గట్టిగా అదుపులో పెట్టొచ్చు. గ్యాస్ పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూసుకోవచ్చు. ఆమెకు తెలివిగా సంతకం పెట్టగల రోజుల్లోనే బ్యాంకు ఖాతాలు, నామినీలు, ఇంటి కాగితాల సంగతి ఆమెనే అడిగి, ఆమె ఇష్టప్రకారం సర్దుకోవచ్చు. మేము ఆ పని చేయలేదు, తర్వాత చాలా బాధపడ్డాం. అన్నిటికంటే, ఆమె ఏదైనా తప్పు చేసినప్పుడు కసురుకోవడం తగ్గుతుంది. కావాలని చేస్తోందని అనుకుని మా అమ్మను నేను అన్న మాటలు కొన్ని ఉన్నాయి. అవి మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదని నా కోరిక.

పనమ్మాయి సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ, నా మనసంతా అక్కడే ఉంది. దొంగతనం అనే మాట ఆ అమ్మాయి బతుకుదెరువును దెబ్బతీస్తుంది. నాలుగిళ్లలో పనిచేసే మనిషికి పేరే ఆస్తి. మీరే వాళ్లింటికి వెళ్లండి. "ఆమెకు ఒంట్లో బాగోలేదమ్మా, నువ్వు తీయలేదని మాకందరికీ తెలుసు" అని చెప్పండి. ఆమెను పనికి పెట్టుకున్న మిగతా ఇళ్లవాళ్లతోనూ ఆ మాట చెప్పండి. తిరిగి రావడమో మానడమో ఆమె ఇష్టం. ఇక అత్తయ్యగారు "పుస్తకం పోయింది" అన్నప్పుడు "మీరే దాచారు" అని వాదించకండి. "అయ్యో, వెతుకుదాం పదండి" అని ఇద్దరూ కలిసి వెతకండి. ఆమె దాచే చోట్లు మూడో నాలుగో ఉంటాయి, కొన్నాళ్లకు మీకే తెలిసిపోతాయి.

మీ మరిదికి కూడా ఒక పని అప్పజెప్పండి. అంకెలు చూసి చెప్పడం అతనికి వచ్చు కాబట్టి, ఈ మాట రాయండి: ఆ 88 లక్షల మందిలో ప్రతి ఒక్కరి వెనకా నిద్రలేని మనిషి ఒకరుంటారు, వాళ్లు ఆ లెక్కలో లేరు. మీ ఇంట్లో ఆ మనిషి మీరు. అతనికి పగలు మనకు రాత్రి. మీ అత్తయ్యగారికి నిద్ర పట్టని వేళ రోజూ అరగంట వీడియోలో మాట్లాడమనండి. వారానికి రెండు పూటలు సాయానికి మనిషిని పెట్టుకునే ఖర్చు అతన్ని భరించమనండి. అడగడానికి మొహమాటపడకండి, అది అతని తల్లి. మీకే మనసు బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. పెద్దవాళ్ల విషయంలో ఏ సమాచారం కావాలన్నా ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

ఇక మీ గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం, మనం మార్చుకోగల 14 కారణాలను సరిచేసుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చు అని చెప్పింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, ఒంటరితనం, వినికిడి లోపం, చూపు లోపం అందులో ఉన్నాయి. మీ షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు? అత్తయ్యగారి రక్తం తీసే రోజు మీదీ మీవారిదీ తీయించండి.

ఆ రోజు ఎలా తీసుకెళ్లాలో కూడా చెబుతాను. "మతిమరుపు పరీక్ష" అని చెప్పకండి. "అందరం ఒకసారి చెకప్ చేయించుకుందాం" అనండి, అది అబద్ధం కూడా కాదు. ఈ వారం నుంచే ఒక నోటు పుస్తకంలో జరిగినవి తారీఖులతో రాయండి. మార్కెట్ రోజు, పింఛను పుస్తకం రోజు, ఉప్పు రోజు. ఆమె వేసుకునే మందుల అట్టలన్నీ సంచిలో పెట్టుకోండి. ఆమె కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే అదీ మరవకండి. ఆ పుస్తకాన్ని ఆమె ముందు చదవకుండా డాక్టర్ చేతికి ఇవ్వండి. లోపల డాక్టర్ "ఇవాళ ఏ వారం అమ్మా?" అని అడిగినప్పుడు ఆమె మీ వైపు చూస్తారు. అప్పుడు మీరు జవాబు అందించకండి. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోండి, ఎంతసేపైనా సరే ఆమెనే చెప్పనివ్వండి.